నేల వడగట్టని నీరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పశువుల ఎరువు నిల్వ గురించి పోయిన సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎరువు గురించి కాక నీళ్ళ గురించే ఉన్నాయి. ఒంగోలు చుట్టుపక్కల నుంచి, ఉదయగిరి మెట్ట నుంచి, కొత్తపట్నం తీరం నుంచి వచ్చిన వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారి పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి. ఇంటి వెనుక గొడ్ల సావిట్లో నాలుగు గేదెలున్నాయి. దాని పక్కనే పెంటదిబ్బ, దిబ్బకు ఇరవై అడుగుల దూరంలో 140 అడుగుల బోరు. ఎండాకాలమంతా తేటగా ఉన్న నీళ్ళు అక్టోబరులో పట్టిన మొదటి ముసురుకు రెండు రోజుల పాటు కలకబారాయి. ఆ వారమే ఇద్దరు పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. దిబ్బ వల్లేమోనని నేనంటే, "అంత మన్ను వడగట్టిన నీళ్ళలోకి పేడలో క్రిములు ఎలా దిగుతాయిరా" అని మా పెదనాన్న కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ పెదనాన్నగారి మాటలో సగం నిజం ఉంది, అందుకే దాన్ని కాదనడం కష్టం. నేల నిజంగానే వడగడుతుంది. పేడలో ఉండే ఇ.కోలై, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియా పొడవు కొద్ది మైక్రాన్లు మాత్రమే, అంటే మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు. నీటితో పాటు మట్టి రేణువుల సందుల్లోంచి దిగేటప్పుడు కొన్ని ఇరుకు సందుల్లో ఇరుక్కుంటాయి, కొన్ని బంకమట్టికీ ఇనుప తుప్పు పూత ఉన్న ఎర్రమట్టి రేణువులకూ అతుక్కుంటాయి, అతుక్కున్నవాటిలో చాలా భాగాన్ని మట్టిలోని ఏకకణ జీవులు తినేస్తాయి, మిగిలినవి ఆకలికీ ఎండకూ చస్తాయి. నీరు ప్రతి రేణువునూ తాకుతూ నిదానంగా దిగితే కొద్ది అడుగుల మన్ను కూడా చాలా పని చేస్తుంది.

అయితే మీ రేగడిలో మొదటి వాన అలా దిగదు. మే నెలలో మీ పొలం చూడండి, నెర్రెలు విచ్చి చెయ్యి దూరేంత సందులు పడి ఉంటాయి. రెండు మైక్రాన్ల బాక్టీరియాకు రెండు సెంటీమీటర్ల నెర్రె తన ఒడలికి పదివేల రెట్లు. మనిషి కొలతలో చెప్పుకుంటే అది పదిహేడు కిలోమీటర్ల వెడల్పున్న బాట, ఒంగోలు నుంచి టంగుటూరు పొలిమేర దాకా అనుకోండి. అంత వెడల్పు బాటలో వడగట్టేదెవరు? రేగడి తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపలే మొదటి ముసురు దిబ్బను కడిగి తెచ్చిన నల్లటి రసం కిందికి జారిపోతుంది. నెర్రెలు మూసుకున్న తరువాత కూడా వానపాముల బొరియలు, కుళ్ళిపోయిన చెట్ల వేళ్ళు వదిలిన గొట్టాలు, ఎలుక కన్నాలు ఉంటాయి.

దీన్ని నేను కళ్ళారా చూశాను. చాలా ఏళ్ళ కిందట ఒక మిత్రుడి రేగడి చేలో, మే నెలాఖరున, గోడలకు వేయగా మిగిలిన సున్నపు నీళ్ళు నాలుగు బిందెలు ఒకే చోట పోయించి, మరునాడు ఆ పక్కన గొయ్యి తవ్వించాను. నల్లటి గోడ మీద తెల్లటి గీతలు చెట్టుకొమ్మల్లా చీలుతూ మూడడుగుల లోతు దాకా దిగి కనిపించాయి, వాటి మధ్య ఉన్న మట్టిపెళ్ళలు మాత్రం చేత్తో విరిస్తే పొడిపొడిగా రాలాయి. అంటే పోసిన నీరు నేలను తడపలేదు, నేల పక్కగా వెళ్ళిపోయింది. మీ పెదనాన్నగారికి నమ్మకం కలగాలంటే వచ్చే వేసవిలో ఇదే చేసి చూపించండి, ఖర్చు రెండు కిలోల సున్నం.

ఇక నెర్రె 140 అడుగులు దిగదు కదా అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. బోరు వేసేటప్పుడు కేసింగ్ పైపు దించేది పైనున్న మెత్తటి పొర దాకానే, గట్టి రాయి తగిలిన చోట పైపు ఆపేస్తారు. పైపు కన్నా రంధ్రం వెడల్పు ఎక్కువ కనుక చుట్టూ ఒక సందు మిగులుతుంది. దాన్ని సిమెంటుతో గానీ బంకమట్టితో గానీ పూడ్చాలి. మన వైపు చాలా బోర్లకు ఆ పని జరగదు, తవ్వినప్పుడు వచ్చిన రాతిపొడిని చుట్టూ నెట్టి వెళ్ళిపోతారు. రెండు మూడు వానలకు ఆ పొడి కుంగుతుంది, పైపు చుట్టూ పళ్ళెంలాంటి గుంట పడుతుంది, పెరటి నీళ్ళన్నీ అందులోకే చేరుతాయి. మీ బోరు 140 అడుగులదే కావచ్చు, కానీ ముసురు నాడు మీరు తోడుకున్న నీటిలో కొంత భాగం నిన్న మొన్న మీ పెరట్లో కురిసినదే. వాన పడిన రెండు రోజులకే బోరు నీరు కలకబారడం దానికి గట్టి గుర్తు.

వాన నీటికి మరో గుణం కూడా ఉంది. బాక్టీరియా ఒంటి మీదా మట్టి మీదా ఉండే విద్యుదావేశం సాధారణంగా ఒకే రకం కనుక అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే ఆ నెట్టుడు తగ్గి బాక్టీరియా మట్టిని పట్టుకుని ఉంటుంది. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. అది తగిలేసరికి అతుక్కున్నవి కొన్ని మళ్ళీ విడిపోయి ప్రయాణం మొదలుపెడతాయి. ఎండాకాలంలో బాగున్న నీరు మొదటి వానకు చెడటానికి ఇదీ ఒక కారణం.

ఇలాంటిదే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, వాకర్టన్ అనే చిన్న పట్టణంలో 2000 మే నెలలో జరిగింది. భారీ వానల తరువాత, దగ్గరి పొలంలో చల్లిన పశువుల ఎరువు నుంచి ఇ.కోలై ఓ157, కాంపైలోబాక్టర్ రాళ్ళ పగుళ్ళ గుండా ఊరి నీటి సరఫరా బావుల్లో ఒకదానిలోకి దిగాయి. క్లోరిన్ కలిపే పనిలో అశ్రద్ధ తోడై 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. విచారణలో తేలిన ఒక విషయం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: ఎరువు చల్లిన రైతు తప్పేమీ చేయలేదు, పద్ధతి ప్రకారమే చల్లాడు. బావి కట్టిన చోటు, నీరు దిగిన దారి చెడ్డవి.

మీ పిల్లల విరేచనాలకు నీళ్ళే కారణమని నేను చెప్పలేను, పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇ.కోలై పరీక్ష చేస్తారు. భారత తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో అది ఒక్కటి కూడా కనిపించకూడదు. పంచాయతీల్లో శిక్షణ పొందిన మహిళల దగ్గర ఉండే చిన్న హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు గదిలో ఉంచినా చాలు, మలం కలిసిన నీరైతే అది కాటుకలా నల్లబడుతుంది. వాన వెలిసిన మూడు రోజుల లోపు ఒకసారి, మళ్ళీ వేసవిలో ఒకసారి చేయించండి. ఒక్క వేసవి పరీక్షను నమ్ముకోవద్దు. అందాకా తాగే నీటిని తెర్లకాగు వచ్చాక ఒక నిమిషం కాచండి. దిబ్బను బోరుకు పల్లం వైపుకు, వీలైనంత దూరానికి మార్చండి. బావులకు 15 మీటర్ల దూరం చాలునని పుస్తకాల్లో ఉంటుంది, మీ నెర్రెల నేలలో దాన్ని కనీసంగానే తీసుకోవాలి. బోరు పైపును నేల మీద రెండడుగులు లేపి, చుట్టూ బయటికి వాలు ఉండేలా సిమెంటు గట్టు పోయించండి. ఈ మూడింటిలో ముందుగా ఏది అని అడిగితే గట్టే అంటాను.

ప్రశ్న: ఉదయగిరి మెట్ట మాది. జోడిపి గొర్రెలు అరవై ఉన్నాయి. వాయుగుండం వాన వెలిసి ఎండ కాసిన పది రోజులకు, తెల్లవారేసరికి మూడు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. ముందు రోజు బాగానే మేశాయి. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారింది, గడ్డ కట్టలేదు. ఒకదాని తోలు తీయించాం. తరువాత భయం వేసి మూడింటినీ నేలబావికి ఇరవై గజాల దూరంలో చింతచెట్టు కింద పూడ్చాం. ఆ బావి నీళ్ళు తాగవచ్చా? ఎన్నేళ్ళు భయపడాలి?

జవాబు: బావి సంగతి తరువాత. ముందు తోలు తీసిన మనిషిని ఈ రోజే ఆసుపత్రికి పంపండి, గొర్రె ఎలా చనిపోయిందో డాక్టరుకు చెప్పమనండి. చేతి మీద దురదతో లేచి, నొప్పి లేకుండా నడిమధ్య నల్లగా మారే పుండు ఉంటే అసలే ఆలస్యం చేయవద్దు. పశువైద్యుడిని పిలిపించండి, 1962కు ఫోన్ చేసినా సంచార వాహనం వస్తుంది. మీరు రాసిన లక్షణాలు దొమ్మ రోగానివి (ఆంత్రాక్స్). రక్తపు పూత పరీక్ష చేసి ఖరారు చేయాల్సింది ఆయనే.

దొమ్మ రోగపు బాక్టీరియా మిగతావాటి వంటిది కాదు. పశువు ఒంట్లో ఉన్నంతసేపు అది మామూలు కణమే, కళేబరాన్ని కోయకుండా వదిలేస్తే కుళ్ళే క్రమంలో కొద్ది రోజుల్లో చాలా భాగం చచ్చిపోతుంది కూడా. కోసినప్పుడు, తోలు తీసినప్పుడు, నెత్తురు నేల మీద ఒలికినప్పుడు గాలి తగిలి అది గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా మారుతుంది. ఆ విత్తనం పదుల ఏళ్ళు ఉంటుంది. బ్రిటన్ సైన్యం 1942లో స్కాట్లండ్ పక్కనున్న గ్రూనార్డ్ దీవిలో దీనితో ప్రయోగాలు చేసింది, 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలంతా తడిపిన తరువాతే, 1990లో ఆ దీవిని సురక్షితమని ప్రకటించారు. కాబట్టి "ఎన్నేళ్ళు" అన్న మీ ప్రశ్నకు జవాబు: మీ తరం దాకా.

అయితే ఎక్కడ భయపడాలి అన్నది ముఖ్యం. లూయీ పాశ్చర్ 1880లో, పూడ్చిన పశువుల గోతుల పైనున్న మట్టిలో ఈ విత్తనాలను కనుగొని, వానపాములు వాటిని పైకి మోసుకొస్తున్నాయని రాశాడు. వానపాముల వాటా ఎంతో గానీ, విత్తనాలు కిందికి దిగడం కన్నా పై మట్టిలో ఉండిపోవడం, వాన పారుదలకు తేలి పల్లాల్లో చేరడం ఎక్కువ. ఆ తరువాత ఎండ కాసి, గడ్డి పొట్టిపడి, గొర్రె మట్టితో సహా కొరికినప్పుడు రోగం లేస్తుంది. వాన వెనుక ఎండ కాసిన పది రోజులకని మీరు రాసిన లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. అందువల్ల లోతు నుంచి వచ్చే ఊట కన్నా, చింతచెట్టు వైపు నుంచి బావిలోకి జారే పై నీరే మీకు ప్రమాదం. బావికి ఒర లేకపోతే, లేదా ఒర నేలమట్టానికే ఉంటే, ఆ నీళ్ళు తాగవద్దు, మందకూ పెట్టవద్దు. మామూలు మోతాదు బ్లీచింగ్ ఈ విత్తనాలను చంపదు.

గోతిని మళ్ళీ తవ్వి వేరే చోటికి మార్చాలన్న ఆలోచన వస్తే మానుకోండి, అది విత్తనాలను చేతులారా చల్లడమే. పైన మట్టి గుట్టగా పోసి, ముళ్ళ కంప గట్టిగా కట్టి, వాన నీరు అటు రాకుండా పై వైపున చిన్న కట్ట వేయండి. తోలు తీసిన చోట నెత్తురు ఇంకిన మట్టిని ఏం చేయాలో పశువైద్యుడి ఎదుటే చేయండి. మిగిలిన గొర్రెలకు టీకా వేయిస్తారు. అది బతికున్న, కానీ రోగం తేలేని విత్తనాలతో చేసిన టీకా కనుక దానితో పాటే యాంటీబయాటిక్ ఇస్తే టీకా పని చేయదు, ఏది ఎవరికి ఎప్పుడు అన్నది ఆయనకు వదిలేయండి. తరువాత ఏటా వానలకు ముందు తప్పకుండా వేయించాలి. ఇక ముందు ఇలా హఠాత్తుగా చచ్చిన గొర్రె మీద కత్తి పెట్టనివ్వకండి. తోలుకు వచ్చే డబ్బు ఎంతో మీకే తెలుసు.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర ఇసుక నేలలో దొరువులు తవ్వుకుని తోటకూర, గోంగూర, వేరుశనగ పండిస్తాం. వేసవిలో చేలో గొర్రెల మంద కట్టిస్తాం. ఇసుక నీళ్ళను వడగడుతుంది కదా, మాకూ బెంగ పడాల్సిన అవసరం ఉందా?

జవాబు: ఇసుక వడగట్టడం గురించి చరిత్రలో మంచి సాక్ష్యమే ఉంది. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాని పక్కనే, అదే ఎల్బ్ నది నీటిని ఇంకా దిగువన తోడుకుంటున్న ఆల్టోనా పట్టణం దాదాపుగా తప్పించుకుంది. ఆల్టోనావారు నీటిని సన్నటి ఇసుక పడకల గుండా నిదానంగా దించేవారు, హాంబర్గ్ వారు దించలేదు. కానీ ఆ పడకలో నీరు గంటల తరబడి ప్రయాణిస్తుంది, ఇసుక పైన బతికే జీవపు పొర ఒకటి సగం పని చేస్తుంది. మీ దొరువు దగ్గర నీటిమట్టం నాలుగైదు అడుగుల్లోనే ఉంటుంది, వానాకాలంలో ఇంకా పైకి వస్తుంది. గొర్రె పెంటికలకూ నీటికీ మధ్య వడగట్టడానికి ఇసుక ఎంత మిగిలింది? పైగా దొరువు నోరు తెరిచి ఉంటుంది, ఏటవాలు అంచుల మీద నుంచి వాన నేరుగా లోపలికి జారుతుంది.

పెంటిక ఎండి గట్టిపడితే అందులోని క్రిములన్నీ చచ్చిపోయాయని అనుకుంటారు. పై పెచ్చు ఎండినా లోపలి తడిని అదే కాపాడుతుంది, వాన పడి మెత్తబడగానే లోపలివి బయటికి వస్తాయి. న్యూజీలండ్‌లో హావ్‌లాక్ నార్త్ పట్టణంలో 2016 ఆగస్టులో భారీ వానకు గొర్రెల బీడు నుంచి కాంపైలోబాక్టర్ తాగునీటి బోర్లలోకి చేరి, దాదాపు 14,000 జనాభాలో సుమారు 5,500 మంది జబ్బుపడ్డారు. గొర్రెలు అక్కడ చేసిందీ మేయడమే.

మంద కట్టించడం మానమని నేను చెప్పను, ఆ ఎరువుకు సాటి లేదు. వేరుశనగకు ముందు కట్టించండి, ఆకుకూరల మళ్ళలో వద్దు. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో, నేలను తాకుతూ పెరిగే పంటకు పచ్చి ఎరువు వేసిన తరువాత కోతకు 120 రోజులు ఆగాలని ఉంది, తోటకూర నెలలోపే కోతకు వస్తుంది కనుక ఆ లెక్క మీకు కుదరదు. దొరువు చుట్టూ అడుగెత్తు కట్ట వేసి గడ్డి పెంచండి, మందను దొరువుకు పల్లం వైపు ఉంచండి, కుండతో ఆకుల మీద చల్లకుండా పాదులోకి పారించండి. మరో మాట: పశువు చస్తే ఆరడుగుల లోతున పూడ్చమని అందరూ చెబుతారు, మీ దగ్గర ఆరడుగుల లోతు అంటే నీళ్ళలో పూడ్చడమే. మెరక చూసుకోవాలి, లేదా పశువైద్యుడిని అడిగి కాల్చాలి.

ప్రశ్న: కనిగిరి వైపు ఫ్లోరైడ్ భయంతో అందరం ఆర్‌ఓ నీళ్ళ డబ్బాలే తాగుతున్నాం. ఇక ఈ బాక్టీరియా గొడవ మాకు లేనట్టేనా?

జవాబు: పొర చిరగకుండా ఉంటే ఆర్‌ఓ యంత్రం బాక్టీరియానూ ఆపుతుంది. డబ్బా మాత్రం ఆపదు. సరిగా కడగని డబ్బాలోకి, ముంచిన చెంబులోకి, చెంబు పట్టుకున్న చేతిలోకి అది మళ్ళీ వస్తుంది. గిన్నెలు కడిగేది, పళ్ళు తోమేది బోరు నీళ్ళతోనే కదా. డబ్బాకు కుళాయి బిగించుకోండి.

ప్రశ్న: మా నేలబావి పది అడుగుల వెడల్పు, అందులో పన్నెండు అడుగుల నీళ్ళు. బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెబుతున్నారు.

జవాబు: మీ బావిలో సుమారు 26,700 లీటర్లు ఉన్నాయి. మంచి పౌడరు 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున సుమారు 67 గ్రాములు చాలు, వాన నీరు జారిన బావికి రెండింతలు వేయవచ్చు. నేరుగా చల్లకండి. బకెట్‌లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, తరువాత బకెట్ నింపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే చేదతో బావి అడుగు దాకా దించి పైకీ కిందికీ ఆడించండి. రాత్రి వేసి తెల్లారి తోడుకోవడం మంచిది, కనీసం గంట ఆగాలి. నీటి పరీక్ష పెట్టెతో చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి కనిపించాలి. మూత తీసి ఆరు నెలలు గూట్లో పెట్టిన పౌడరులో సున్నం తప్ప మిగిలేది తక్కువ. నీళ్ళు కలకగా ఉంటే ఎంత వేసినా మట్టే దాన్ని తినేస్తుంది, తేరనిచ్చి వేయాలి.

ప్రశ్న: కోవూరు మాగాణిలో నాట్లకు వెళ్ళే మా అమ్మకు చలిజ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్ళు ఎర్రబడటం వచ్చాయి. ఎలుకల జ్వరమని డాక్టరు అన్నారు. మా కాలువలో గేదెలు పడుకుంటాయి. ఎలుకలకూ గేదెలకూ ఇద్దరికీ దీనితో సంబంధముందా?

జవాబు: ఉంది. డాక్టరుగారు చెప్పింది లెప్టోస్పైరా అనే మరచుట్టులాంటి బాక్టీరియా వల్ల వచ్చే జ్వరం. ఎలుకల మూత్రంలోనే కాదు, సోకిన పశువుల మూత్రంలోనూ అది నెలల తరబడి పడుతుంది. పశువుల్లో ఈసుకుపోవడం (గర్భం జారిపోవడం), పాలు హఠాత్తుగా తగ్గడం దాని గుర్తులు. ఇది నీటిలో తానే ఈదగలదు, తడి మట్టిలో వారాలు, అనుకూలిస్తే నెలలు బతుకుతుంది, నోటి ద్వారా కన్నా పాదాల మీది గీతల గుండా, నానిన చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. అందుకే నీళ్ళు కాచి తాగే ఇంట్లోనూ వస్తుంది. ఎండితే, ఎండ తగిలితే త్వరగా చస్తుంది. నాట్ల నాటి మడి మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

మీ అమ్మగారికి మందులు మధ్యలో ఆపకండి, కళ్ళు పచ్చబడినా మూత్రం తగ్గినా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. మడిలోకి దిగేవారు పుండ్లకు నీరు దిగని పట్టీ వేసుకోవాలి. మోకాలి దాకా బూట్లు వేసుకోమని సలహా ఇచ్చేవారు ఎవరూ బూట్లతో నాటు వేసి ఎరుగరు, బురద లాగేస్తుంది కనుక ఆ సలహా నేను ఇవ్వను. పని అయ్యాక బోరు నీటితో కాళ్ళు కడుక్కుని ఆరబెట్టుకోవడం మాత్రం సాధ్యమే. గేదెలను కాలువ ఎగువన కాక పొలాలకు దిగువన, విడిగా ఒక గుంటలో దించుకునేలా ఊళ్ళో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: దర్శి వైపు మెట్టలో నాకు మూడు ఎండిన బోర్లున్నాయి. భూగర్భ జలం పెరుగుతుందని వాటిలో ఒకదాన్ని ఇంకుడు గుంతగా మార్చి, పెరట్లో పడిన వాన నీరంతా అందులోకి మళ్ళించాను. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఇందులో ఏమైనా దోషముందా?

జవాబు: మీరు పెరట్లో పశువులను కట్టేయకపోతే దోషం తక్కువ. కట్టేస్తే మాత్రం, పై ఉత్తరాల్లో నెర్రెలకూ పైపు సందులకూ మేము భయపడిన పనిని మీరు ఆరు అంగుళాల గొట్టంతో చేస్తున్నారు. ఒక గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, తాజా పేడ ఒక్క గ్రాములో ఇ.కోలై లక్షల్లో ఉంటుంది. ఆ నీరు మట్టిని ఒక్క అడుగు కూడా తాకకుండా నేరుగా రాతి పగుళ్ళలోకి వెళుతుంది. మీ వైపు రాతి నేలల్లో నీరు నిలిచేదీ నడిచేదీ ఆ పగుళ్ళలోనే, పక్కింటి బోరు, బడి దగ్గరి చేతిపంపు అదే పగులు మీద ఉండవచ్చు.

ఈ వానాకాలం లోపలే పెరటి నీటిని బోరు నుంచి తప్పించండి. పెంకుల మీది, డాబా మీది నీటిని, మొదటి వాన బయటికి వదిలేసిన తరువాత, ఇసుక, కంకర పొరలున్న తొట్టి గుండా దించుకోవచ్చు. పెరటి నీటికి బోరు అక్కర్లేదు, పల్లం వైపు ఐదారు అడుగుల వెడల్పున్న గడ్డి పట్టీ మీదుగా పారించి ఒక చదును గుంటలో నిలవనిస్తే మట్టి గుండా నిదానంగా ఇంకుతుంది, అక్కడ నాలుగు కొబ్బరి చెట్లు పెంచుకోవచ్చు. మిగిలిన రెండు ఎండిన బోర్లను తెరిచి ఉంచకండి. పనికిరాని బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని పిల్లలు పడిపోతున్న సంఘటనల దృష్ట్యా సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. మీరు పూడ్చేటప్పుడు పై పది అడుగులకు కంకర కాక, తడిపిన రేగడి మట్టిని కొద్దికొద్దిగా వేస్తూ గడ్డపారతో కుదించండి. పైన ఒక సిమెంటు పలక వేసి, దాని మీద బోరు మూసిన తేదీ చెక్కించండి. మెచ్చుకున్నవారిని కూడా ఒకసారి పిలిచి చూపించండి, వారిలో కొందరు ఇప్పటికే తమ ఎండిన బోర్లకు పెరటి కాలువలు తవ్వుకుని ఉంటారు.